సంఘం పుస్తకంలో పేరు లేని మనిషి



సాయంత్రం ఏడు గంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు ఎలా ఉంటుందో హైదరాబాదు వాళ్లకు చెప్పనక్కర్లేదు. కోచింగు సెంటర్ల మెట్లు దిగి వచ్చే పిల్లలు, కూరగాయల సంచులు మోసుకుంటూ ఇంటిదారి పట్టిన ఆడవాళ్లు, బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి కాళ్లు పీకుతున్న అమ్మాయిలు, 107 నంబరు బస్సు కోసం మెడ చాచి చూసే పెద్దాయన. పక్కనే మిర్చిబజ్జీల వాసన. ఒకరి భుజం ఒకరికి తగులుతూనే ఉంటుంది. ఒకరి పేరు ఒకరికి తెలియదు.

నేను ముప్పయ్యేళ్లు డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం చెప్పాను. సామాజిక సమూహం అంటే ఏమిటో చెప్పే రోజున ఏటా ఈ బస్టాపునే ఉదాహరణగా తీసుకునేవాణ్ని. అక్కడ నిలబడ్డవాళ్లు గుంపేగాని సమూహం కాదు అనేవాణ్ని. సమూహమంటే సభ్యుల మధ్య రాకపోకలుండాలి, మాటామంతీ ఉండాలి, మనం అనే భావన ఉండాలి. ఒకడు రాకపోతే మిగతావాళ్లకు ఆ లోటు తెలియాలి. బస్టాపులో ఒక మనిషి ఇవాళ రాలేదని ఎవరు గమనిస్తారు? పాఠ్యపుస్తకం ప్రకారం ఇది సరైన మాటే. కానీ 2013 ఫిబ్రవరి తర్వాత ఆ ఉదాహరణ చెప్పడానికి నాకు నోరు రాలేదు. కారణం తర్వాత మనవి చేస్తాను. ముందు మన చుట్టూ ఉన్న సమూహాలను ఒకసారి చూసి వద్దాం.

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆయన భూముల మీద వెలిసింది కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ అయిందంటారు. లాల్‌బహదూర్ శాస్త్రి పేరుతో ఎల్‌బీ నగర్ వచ్చింది. ఈ రెండింటి మధ్య చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకంటే బస్సు దిగి స్థిరపడినవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. విజయవాడ రోడ్డు మీద నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఎల్‌బీ నగరే నగరపు గుమ్మం. ఆ గుమ్మంలో అడుగుపెట్టినవాడికి చుట్టం లేడు, పక్కం లేడు. మరి అతణ్ని నిలబెట్టేది ఎవరు?

మొదట నిలబెట్టేది హాస్టల్ గది.

అమెరికా సమాజశాస్త్రవేత్త చార్లెస్ కూలే 1909లో ప్రాథమిక సమూహం అనే మాట వాడాడు. కుటుంబం, పిల్లల ఆటల జట్టు, ఇరుగుపొరుగు. ముఖాముఖి కలిసి బతికే చిన్న బృందాలు. మనిషి స్వభావం తయారయ్యేది అక్కడేనన్నాడు. ఆ మాటను నేను పుస్తకంలో చదివి పాఠం చెప్పాను. కళ్లారా చూసింది మాత్రం మా మేడ మీది గదిలో.

చాలా ఏళ్ల క్రితం ఆ గదిని టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుకునే నలుగురు అమ్మాయిలకు అద్దెకిచ్చాం. ఒకమ్మాయిది సూర్యాపేట, ఒకమ్మాయిది సత్తుపల్లి వైపు, ఒకరిది వనపర్తి, ఇంకొకరిది నారాయణఖేడ్. వచ్చిన నెలలో నాలుగు బకెట్లు, నాలుగు సబ్బులు, నాలుగు పాల ప్యాకెట్లు. బకెట్ల మీద పెయింటుతో పేర్లు కూడా రాసుకున్నారు. మూడో నెల వచ్చేసరికి ఎవరి బకెట్టు ఎవరు వాడుతున్నారో వాళ్లకే తెలియదు. సూర్యాపేట నుంచి వచ్చిన సకినాలు నారాయణఖేడ్ అమ్మాయి డబ్బాలో ఉండేవి. సత్తుపల్లి ఆవకాయ జాడీ అందరిదీ అయిపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు ముందు లేస్తే వాళ్లు మిగతా ముగ్గుర్నీ లేపాలి. లేపకపోతే ఆ రోజు టీ వాళ్లే పెట్టాలి. ఈ నియమం ఎవరూ కాగితం మీద రాయలేదు.

ఒక రాత్రి వనపర్తి అమ్మాయికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. వాళ్ల నాన్న పోయారు. పరీక్ష పన్నెండు రోజుల్లో ఉంది. తక్కిన ముగ్గురూ పుస్తకాలు మూసి, ఆమె వెంట ఆ రాత్రే బస్సెక్కారు. దినం దాకా ఒకరు అక్కడే ఉండిపోయారు. ఆ ఏడాది ఆ నలుగురిలో ఒకమ్మాయికే ఉద్యోగం వచ్చింది. ఆమె తొలి జీతంలోంచి మిగతా ముగ్గురికీ రెండు నెలల అద్దె కట్టి వెళ్లింది. నాలుగు ఊళ్ల నుంచి వచ్చి ఒక గదిలో పడ్డ పరాయి పిల్లలు కుటుంబమయ్యారు.

సొంత కుటుంబమే లేని పిల్లల సంగతి? మెట్రోలో ఎల్‌బీ నగర్ వైపు వెళ్తుంటే చైతన్యపురి దాటాక విక్టోరియా మెమోరియల్ అనే స్టేషను వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అక్కడి తన భవనాన్ని అనాథ పిల్లల కోసం ఇచ్చాడు. 1901లో మరణించిన విక్టోరియా రాణి జ్ఞాపకంగా దానికి ఆ పేరు పెట్టారు. మన వాళ్ల నోట వీఎం హోం. తల్లిదండ్రులు లేని బిడ్డకు కూడా అన్నం దగ్గర పక్కన కూర్చునే ఒక తోడు కావాలని ఒక సమాజం వందేళ్ల కిందటే ఒప్పుకుందని ఆ స్టేషను పేరు విన్నప్పుడల్లా అనుకుంటాను.

ఇక రెండో రకం. నియమాలు రాసుకుని, ఒక పని కోసం ఏర్పడేవి. శాస్త్రంలో గౌణ సమూహాలంటారు. ఈ ప్రాంతంలో వాటికి నిలువెత్తు ఉదాహరణ కాలనీ సంక్షేమ సంఘం.

ఇప్పుడు మేడలు నిండిన ఈ కాలనీలు ఒకప్పుడు ప్లాట్ల మీద రాళ్లు పాతిన పొలాలు. ఇల్లు కట్టుకున్నవాళ్లకు రోడ్డు లేదు, మురుగు పోయే దారి లేదు, రాత్రయితే దీపం లేదు. ఎల్‌బీ నగర్, గడ్డిఅన్నారం వేరువేరు మున్సిపాలిటీలుగా ఉండేవి. ఈ రెండూ 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాదులో కలిశాయి. ఒక్క మనిషి అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే రేపు రమ్మనేవారు. అదే మనిషి సంఘం లెటర్‌హెడ్ మీద యాభై సంతకాలతో పోతే కుర్చీ చూపేవారు. తెలంగాణ ప్రాంతంలో సొసైటీల రిజిస్ట్రేషనుకు నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1350 నాటి చట్టమే చాలాకాలం నడిచింది. 2001లో కొత్త చట్టం వచ్చింది. ఏడుగురు కలిసి, ఆశయాలూ నియమావళీ రాసుకుంటే చాలు, సంఘం చట్టం దృష్టిలో నిలబడుతుంది.

నీళ్ల కథే తీసుకోండి. బోర్లు ఎండిపోయి, ట్యాంకరు చప్పుడు వినబడితే బిందెలతో పరుగెత్తిన వేసవులు మా తరానికి గుర్తే. 2004లో కృష్ణా నీళ్లు నగరానికి చేరాయి. కోదండాపూర్ దగ్గర శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా దూరం నడిచి వనస్థలిపురం పక్కన సాహెబ్‌నగర్ రిజర్వాయరు దాకా వచ్చాయి. ఆ నీటిని అక్కడిదాకా తెచ్చింది ప్రభుత్వమూ ఇంజనీర్లూ కూలీలూ. రిజర్వాయరు నుంచి మా వీధి కుళాయి దాకా పైపు రావడానికి మాత్రం కాలనీ సంఘాల కార్యదర్శులు చెప్పులరిగేలా తిరిగారు. చందాలు వసూలు చేశారు, ఖర్చును పైసలతో సహా పుస్తకంలో రాశారు. జీతం లేదు. తిట్లు మాత్రం దండిగా ఉండేవి. ఒకాయన ఆ ఫైలును తన కూతురి పెళ్లిరోజు కూడా చంకలోనే పెట్టుకుని కనిపించాడు. అలాంటివాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఆడవాళ్ల పొదుపు సంఘాల దారి ఇంకొకటి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో అక్షరాస్యత తరగతిలో కూర్చున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారా మీద పోయే డబ్బును దాచుకోవాలన్న ఆలోచన పొదుపు సంఘాలకు ఊపిరి పోసింది. ఇవాళ నగరపు బస్తీల్లో పది పన్నెండు మంది ఆడవాళ్లు కూర్చుని నెల పొదుపు లెక్క చూసుకుంటున్నారంటే దాని వెనక ఆ చరిత్ర ఉంది. పొదుపు సంఘం పుస్తకంలో పేరున్న ఆడమనిషి బ్యాంకులో తలెత్తి మాట్లాడుతుంది. ఇంట్లో కూడా ఆమె మాట విలువ పెరుగుతుంది.

ఏ పుస్తకమూ లేని సమూహాలూ ఉన్నాయి. పొద్దున్నే కూలీల అడ్డా మీదకు వెళ్లి చూడండి. తాపీ, పార, సద్ది గిన్నె పట్టుకుని పాలమూరు వాళ్లు, దేవరకొండ వాళ్లు నిలబడి ఉంటారు. మేస్త్రీ స్కూటరు ఆగుతుంది. రేటు అడుగుతాడు. అందరి నోటా ఒకే అంకె వస్తుంది. ఆ అంకె కంటే తగ్గించి పోయినవాణ్ని మర్నాడు అడ్డా మీద ఎవరూ పలకరించరు. రాత లేదు, సంతకం లేదు. అయినా ఆ నియమం మా కాలనీ నియమావళి కంటే గట్టిది. తాళం వేసిన ఆఫీసూ కుర్చీలూ లేకపోయినా అది సంఘమే.

అయితే రాతకున్న బలాన్ని కాదనలేం. కొత్తపేట పండ్ల మార్కెట్టు మనకు ఆ పాఠం చెప్పింది. 1986 నుంచి అక్కడ నడిచిన మార్కెట్టును 2021లో బాటసింగారానికి తరలించారు. వేసవిలో మామిడి లారీల వరుస, గడ్డి వాసన, వేలం పాటల కేకలు ఆ రోడ్డు మీద నుంచి వెళ్లిపోయాయి. ఆ చోట పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు, అది కావలసిందే. కానీ తరలింపు మాట వచ్చినప్పుడు సంఘంగా ఉన్న కమీషన్ ఏజెంట్లు హైకోర్టు దాకా వెళ్లి తమ గోడు చెప్పుకోగలిగారు. మార్కెట్టు గేటు దగ్గర టీ పోసే ఆమె, కుళ్లినవి ఏరి మంచి కాయలు బండి మీద అమ్ముకునే ముసలివాడు ఎవరి పేరున చెప్పుకుంటారు? సంఘం లేనివాడి నష్టం ఏ కాగితం మీదా లెక్కకు రాదు.

సంఘం కడితేనే గొంతు వినబడుతుందన్న సంగతి మన నేలకు కొత్త కాదు. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అది పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభగా నిలిచింది. నల్లగొండ పల్లెల్లో దొరల వెట్టికి ఎదురుతిరిగినప్పుడు జనం దాన్ని ఒక్క మాటలో సంగం అన్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఆ సంగం ఊరేగింపులోనే. ఇవాళ ఎల్‌బీ నగర్‌లో ఇల్లు కట్టుకున్న ఎన్నో నల్లగొండ కుటుంబాలలో తాతల నోట ఆ మాట వినబడుతుంది. వాళ్లకు సంఘమంటే చందా రసీదు కాదు, తలెత్తుకోవడం.

ఇంతవరకూ మంచే చెప్పాను. సమూహానికి ఇంకో ముఖం ఉంది. అదీ చెప్పకపోతే నేను మాస్టారుగా నా ధర్మం తప్పినవాణ్ని అవుతాను.

1906లో విలియం గ్రాహం సమ్నర్ అనే పండితుడు మనుషులు లోకాన్ని మనవాళ్లు, పైవాళ్లు అని రెండుగా చీల్చుకుంటారని రాశాడు. మనవాళ్ల మీద ప్రేమ ఎంత పెరుగుతుందో పైవాళ్ల మీద అనుమానమూ అంత పెరుగుతుందన్నాడు. మన దగ్గర ఆ గీత గీసేది ఎక్కువగా కులం. కుల సంఘాలు మంచి చేయలేదని నేననను. 1918లో హైదరాబాదులో వెలసిన రెడ్డి హాస్టల్ వంటివి పల్లెల నుంచి వచ్చిన ఎందరికో చదువుకునే చోటు ఇచ్చాయి. అదే నగరంలో ఏ గుమ్మంలోకీ రానివ్వని దళితుల కోసం భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1911లో దాన్ని మాన్య సంఘంగా మార్చారు. బడులు తెరిపించారు. పై మెట్టు మీద కట్టుకున్న సంఘానికీ, మెట్టే లేనివాళ్లు కట్టుకున్న సంఘానికీ ఉన్న తేడా మనం మరిచిపోకూడదు.

నా ఎదుట జరిగిన సంగతి ఒకటి. నా దగ్గర చదివిన కుర్రాడొకడు గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు ప్రిపేరవుతూ గది వెతుక్కుంటుంటే నేనూ వెంట వెళ్లాను. ఒక ఇంటి యజమాని గది చూపించాడు, అద్దె చెప్పాడు, బిడ్డలా చూసుకుంటామన్నాడు. ఆఖర్న, మీరేమిట్లు అని అడిగాడు. పిల్లవాడు చెప్పాడు. యజమాని లోపలికి వెళ్లి వచ్చి, మా చుట్టాలు వస్తున్నారట, గది ఖాళీ లేదన్నాడు. వీధిలోకి వచ్చాక ఆ పిల్లవాడు నన్ను ఓదార్చాడు. నాకు అలవాటే సార్ అన్నాడు. ఆ అలవాటు అన్న మాట ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకుంటుంది. ఆ ఇంటాయన తనవాళ్లకు ఎంతో మంచివాడు అయ్యుండవచ్చు. ఆ మంచితనం గడప దాటలేదు.

ఇప్పుడు బస్టాపు దగ్గరికి వస్తాను.

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటలు. 107 బస్టాపు దగ్గర ఒకటి, బజ్జీల దుకాణం దగ్గర మరొకటి, నిమిషాల తేడాలో రెండు బాంబులు పేలాయి. సైకిళ్లకు కట్టి పెట్టారు. 18 మంది ప్రాణాలు పోయాయి. వంద మందికి పైగా గాయపడ్డారు. వాళ్లలో పరీక్షల కోసం ఊరి నుంచి వచ్చిన పిల్లలున్నారు, పని ముగించుకుని ఇంటికి బయల్దేరిన వాళ్లున్నారు. 2016 డిసెంబరులో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది. న్యాయస్థానం చేసిన పని అది. ఆ సాయంత్రం బస్టాపు చేసిన పని ఇంకొకటి.

పేలుడు విన్న ఎవరైనా పారిపోతారు. పారిపోయినవాళ్లను తప్పు పట్టలేం. కానీ ఆగినవాళ్లున్నారు. పేరు తెలియని మనిషిని భుజాన వేసుకున్నారు. దొరికిన బండి ఆపి మలక్‌పేట వైపు, ఉస్మానియా వైపు, కొత్తపేట వైపు ఆసుపత్రులకు చేర్చారు. రక్తం ఇవ్వడానికి వచ్చారు. ఎవరి కులం ఎవరూ అడగలేదు. ఎవరి ఊరు ఎవరూ అడగలేదు. నేను ఏటా గుంపు అని కొట్టిపారేసిన ఆ మనుషులు కొన్ని గంటలపాటు ఒక కుటుంబమయ్యారు.

ఆ పని వాళ్లకు ఎవరు నేర్పారు? చాలాకాలం ఆలోచించాను. నాకు తోచిన సమాధానం ఇది. రూంమేటు జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసిన చెయ్యి, అడ్డా మీద పక్కవాడు పడిపోతే నీళ్లు తాగించిన చెయ్యి, కాలనీలో చావు జరిగితే పాడె మోసిన భుజం, పొదుపు సంఘంలో పక్కామె వాయిదా తనే కట్టిన మనసు. రోజూ చిన్న చిన్న సమూహాల్లో అలవాటైన పనే ఆ సాయంత్రం పరాయివాళ్లకూ చేశారు. మనవాళ్ల మధ్య నేర్చుకున్నది పైవాళ్ల దగ్గర అక్కరకొచ్చింది. సమూహాలు సమాజానికి చేసే మేలులో ఇంతకంటే పెద్దది నాకు తెలియదు.

అంత చూసి కూడా మేం నేర్చుకోవలసింది మిగిలింది. 2020 అక్టోబరు 13 రాత్రి. బేగంపేటలో ఇరవై నాలుగు గంటల్లో 19 సెంటీమీటర్లు దాటిన వాన. సరూర్‌నగర్ చెరువు దిగువన కాలనీలు మునిగాయి. మా కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రం నుంచే హెచ్చరికలు వచ్చాయి. నీళ్లు వస్తున్నాయి, బండ్లు ఎత్తు మీద పెట్టుకోండి, కరెంటు మెయిన్ ఆపండి అని. మేమంతా జాగ్రత్త పడ్డాం. నీళ్లు మొదట చేరింది ఒక అపార్టుమెంటు సెల్లారులోని వాచ్‌మన్ గదిలోకి. ఆ హెచ్చరికలేవీ అతనికి చేరలేదు. గ్రూపులో ఉన్నది ఇంటి యజమానులే. పిల్లల్ని నిద్రలోంచి లేపి మెట్ల మీదకు తెచ్చుకోగలిగాడు కాబట్టి ప్రాణాలు దక్కాయి. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఊరికి పంపాలని దాచుకున్న డబ్బు తడిసి ముద్దయ్యాయి.

పదేళ్లుగా అతనే మా గేట్లు తీశాడు, మా నీళ్ల మోటారు వేశాడు. మా సంఘం పుస్తకంలో అతని పేరు లేదు. మేడ మీద అద్దెకుండే డీఎస్సీ పిల్లల పేర్లు లేవు. వీధి చివరి హాస్టల్‌లోని పిల్లల పేర్లు అసలే లేవు. సొంత ఇల్లు ఉంటేనే సభ్యత్వమని మేమే నియమం రాసుకున్నాం. దానికి నేనూ సంతకం పెట్టాను.

ఆ తర్వాతి సమావేశంలో ఈ మాట ఎత్తితే అందరూ ఒప్పుకోలేదు. చందా కట్టనివాళ్లకు చోటేమిటన్నారు. మూడు సమావేశాలు పట్టింది. ఇప్పుడు మా దగ్గర రెండో పుస్తకం ఒకటి ఉంది. అద్దెకున్నవాళ్లు, వాచ్‌మన్ కుటుంబాలు, హాస్టళ్లు, మూలమీది ఇస్త్రీ బండి ఆయన, ప్రతి ఒక్కరి పేరూ ఫోను నంబరూ అందులో రాస్తున్నాం. ఓటు హక్కు ఇంకా ఇవ్వలేదు. అది కూడా వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

శ్రోతలారా, మీరందరూ ఏదో ఒక సంఘంలో ఉంటారు. అపార్టుమెంటు కమిటీ కావచ్చు, వినాయక మండపం కావచ్చు, యూనియన్ కావచ్చు, కుల సంఘం కావచ్చు. దాన్ని వదలమని నేను చెప్పను. దాని పుస్తకం ఒకసారి తెరవండి. మీ మధ్య రోజూ తిరుగుతూ, అందులో పేరు లేని మనిషి ఎవరో చూడండి. ఆ మనిషి తలుపు తట్టి పేరు అడగండి, రాసుకోండి. బస్టాపులో పక్కన నిలబడే పిల్ల ఏ హాస్టల్లో ఉంటుందో, ఏ పరీక్షకు చదువుతోందో అడగండి. రేపు ఆ పిల్ల కనబడకపోతే, ఏమైందని వాకబు చేసేవాళ్లు ఈ ఊళ్లో ఆమెకు ఒకరైనా ఉండాలి.